మినప్పప్పుతో నానిన అక్షరాలు

మొన్న అమలాపురంలో ఒక సెల్‌ఫోన్ల దుకాణంలో నా ఫోనుకి అద్దంబిళ్ళ అతికించుకుందామని కూర్చున్నాను. కౌంటరు వెనక ఉన్నావిడ ముందు మెత్తటి గుడ్డతో తుడిచింది, నోటితో ఉఫ్‌మని ఊదింది, తర్వాత పల్చటి పొర తీసి బిళ్ళని ఒక అంచు ఆనించి మెల్లగా వదిలింది. మధ్యలో గాలిబుడగ ఒకటి నిలిచిపోయింది. దాన్ని అట్టముక్కతో అంచు వైపు తోసుకుంటూ పోతోంటే నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. "అంత భయపడతారేంటండీ, పోతుందండి" అంది ఆవిడ నవ్వుతూ. "భయం కాదమ్మా, ముందు ఆ ఫ్యాను కట్టెయ్యి" అన్నాను. ఆవిడ నా మొహం వంకా ఫ్యాను వంకా చూసి మళ్ళీ పనిలో పడింది. ఆ మాట నా నోట్లోంచి ఎందుకొచ్చిందో నాకు తెలుసు. మా బాబాయికి సంబంధం మాట్లాడటానికి పెద్దవాళ్ళు వచ్చిన రోజున మా ఇంట్లో పదేపదే వినబడ్డ మాట అది.

మా ఊరు రాజోలుకి దగ్గరే. ఇప్పుడు వంతెనలొచ్చి ఎక్కడివాళ్ళు అక్కడికి చులాగ్గా పోతున్నారు గానీ, అప్పట్లో గోదావరి అవతలివాళ్ళెవరైనా మా ఇంటికి రావాలంటే ఏదో ఒక రేవులో పడవెక్కాల్సిందే. కాలవగట్టు పక్కన పెంకుటిల్లు మాది. అమ్మా నాన్నా ఇద్దరూ ఎలిమెంటరీ స్కూలు టీచర్లు. నాన్నకి ఒక్కడే తమ్ముడు, మా బాబాయి. ఎయిర్‌ఫోర్సులో పనిచేసేవాడు. ఈ ఇద్దర్నీ పెంచింది మా మామ్మ. తాతయ్య తొందరగా పోతే, ఆసాముల చేలల్లో నాట్లు వేసి, కోతలు కోసి, ఇద్దర్నీ మిషను హాస్టల్లో పెట్టి చదివించింది. తనకి మాత్రం అక్షరం ముక్క రాదు. చర్చిలో అందరితో పాటు కీర్తనల పుస్తకం తెరిచి పట్టుకునేది. అది తలకిందులుగా ఉందని నేను మోచేత్తో పొడిచి చెబితే, "నాకు కంఠతా వచ్చే, ఎలా ఉంటే నీకేంటే" అని మరింత గట్టిగా పాడేది.

బాబాయి ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఫోటో పంపించాడు. యూనిఫారం వేసుకుని, విమానం ముక్కు పక్కన నిలబడి, దాని మీద ఒక చెయ్యి వేసి ఉన్నాడు. మామ్మ ఆ ఫోటో చేతిలోకి తీసుకుని ఒక్కసారి చూసింది, అంతే. "మావాడు ఇమానం తోల్తన్నాడు" అంది. సాయంత్రానికి మా పేటంతా ఆ మాట పాకిపోయింది. నాన్నకి నిజం తెలుసు. చెప్పబోయాడు కూడా. కానీ ఆవిడ మొహంలో వెలుగు చూశాక నోరు రాలేదట. తర్వాత బాబాయే సెలవు మీద వచ్చి, "నేను తోలనే అమ్మా, నాది కింద పని" అన్నాడట. దానికి మామ్మ చుట్టూ చూసి గొంతు తగ్గించి, "ఆయ్, అలాగే చెప్పాలి నాయనా, శత్రువులు వింటారు" అందట. ఇక ఆయన మాత్రం ఏం చెబుతాడు? అప్పట్నుంచి మా ఊరి మీదుగా విమానం వెళ్ళిన చప్పుడైతే చాలు, మామ్మ చేతిలో పని వదిలేసి వాకిట్లోకి వచ్చేది. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, "నిదానంగా పోరా నాయనా, నిదానంగా" అని పైకి చూసి చెప్పేది. నేను కూడా పక్కన నిలబడి చెయ్యి ఊపేదాన్ని. మా బడిలో నా అంత గొప్ప పిల్ల లేదని నా నమ్మకం, ఎవరైనా కాదంటే జుట్టు పట్టుకునేదాన్ని.

ఆ వేసవిలో బాబాయి సెలవు మీద వస్తూ ఒక అట్టపెట్టె తెచ్చాడు. బదిలీ మీద వెళ్ళిపోతున్న ఆఫీసరెవరో ఇచ్చారట. లోపలన్నీ ప్లాస్టిక్కు ముక్కలు. రెక్కలూ తోకా చక్రాలూ అన్నీ ఒక చట్రానికి అంటుకుని ఉన్నాయి. వాటిని బ్లేడుతో కోసి, గరుకు కాగితంతో అంచులు రుద్ది, ఒకదానికొకటి అతికిస్తే అచ్చం అసలు విమానం లాంటిదే మూర పొడవున తయారవుతుంది. పాత యుద్ధాల నాటి విమానం, ముక్కున పంకా ఉన్నది. "అసలుదాన్ని అదే లెక్కన తగ్గించుకుంటూ వచ్చేరు అమ్మడూ, ఒక్క మేకు కూడా ఎక్కువ తక్కువ ఉండదు" అని బాబాయి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చూపించేవాడు.

నా జ్ఞాపకంలో ఆ వేసవి అంతా ఆ జిగురు వాసనే. దానికి తోడు మామిడిపళ్ళ వాసన, ముంజలు ఒలిచిన తాటికాయ తొక్కల వాసన, పొయ్యి మీద ఎండురొయ్యల వేపుడు. సన్నటి కుంచెతో వెండిరంగు వేస్తూ ఆయన మాట్లాడేవాడు కాదు. అంత హుషారు మనిషి ఆ కుంచె చేతిలోకి వస్తే వేరే మనిషి అయిపోయేవాడు. రంగు ఆరేదాకా దుమ్ము పడకూడదనీ, కోళ్ళు పొడవకూడదనీ మామ్మ దాని మీద కోళ్ళగంప బోర్లించింది. పేటలో పిల్లలందరూ రోజూ వచ్చి గంప సందుల్లోంచి తొంగి చూసేవాళ్ళు. "ఇంకా పొదగలేదేంటే?" అని నన్ను ఏడిపించేవాళ్ళు. చూసినందుకు తలా ఒక జీడిమామిడి పండు పట్టుకురావాలని నేను రూలు పెట్టాను. నోరంతా దురదలు పెట్టేదాకా తిన్నాను.

ఇంతలో రామచంద్రపురం నుంచి సంబంధం వచ్చింది. పిల్ల టీచరు ట్రైనింగు అయింది. అంతకు ముందు ఏడాది క్రైస్తవ కూటాల్లో బాబాయి ఆమెని చూశాడు, ఆమె పాటకి ముందుండి పాడింది. అప్పట్నుంచే ఆయన మనసులో ఉందన్న సంగతి మా అమ్మ కనిపెట్టింది. పిల్ల ఫోటో వచ్చిన దగ్గర్నుంచి బాబాయి బైబిలు మరీ ఎక్కువగా చదవడం మొదలెట్టాడు. ఎందుకా అని చూస్తే ఫోటో అందులో ఉంది. నేను దాన్ని తీసి విమానం అట్టపెట్టెలో దాచేశాను. పాపం ఇల్లంతా తిరిగాడు. ఏం వెతుకుతున్నావని నాన్న అడిగితే, "చిన్న పట్టకారు కనబడట్లేదు అన్నయ్యా" అన్నాడు. పట్టకారు ఆయన జేబులోనే ఉంది. అమ్మా నేనూ వంటింట్లోకి పోయి నవ్వుకున్నాం.

పెళ్ళికూతురి తరఫు పెద్దలు ఇల్లు చూసుకోవడానికి వస్తామని కబురు పెట్టారు. అది మా వైపు ఆనవాయితీ. పిల్లనిచ్చే ముందు ఆ ఇల్లూ వాకిలీ, ఆ ఇంటి మనుషులూ ఎలా ఉంటారో పెద్దవాళ్ళు వచ్చి చూసుకుంటారు. మామ్మకి ఒక్కటే పట్టుదల, వాళ్ళు వచ్చేసరికి విమానం పూర్తయి ముందుగదిలో బల్ల మీద ఉండాలి. కొడుకు విమానం తోలుతాడని తను చెప్పిన మాటకి అది సాక్ష్యమన్నమాట. రామచంద్రపురం దాకా ఆ మాట ఎవరు మోసుకెళ్ళారో వేరే చెప్పక్కర్లేదు. వాళ్ళు కూడా పైలట్టు సంబంధం అనుకునే వస్తున్నారు. నాన్నా బాబాయీ పెరట్లో నిలబడి దాని గురించి మాట్లాడుకోవడం నేను విన్నాను. "వాళ్ళతో చెప్పెయ్యాలి అన్నయ్యా" అని బాబాయి, "అమ్మ ముందా?" అని నాన్న. అక్కడితో ఆ మాట ఆగిపోయింది.

"ఇంకా ఏం మిగిలిందిరా?" అని మామ్మ వాళ్ళొచ్చే ముందురోజు సాయంత్రం అడిగింది. బాబాయి ఒక కాగితం చూపించాడు. పాత సైకిళ్ళ మీదా కుట్టుమిషన్ల మీదా బంగారు రంగు పువ్వులూ పేర్లూ ఉండేవి, అవి చేత్తో వేసినవి కావు, కాగితం మీంచి జార్చి అతికించినవి. ఇవీ అలాంటివే. డెకాల్స్ అంటారని బాబాయి చెప్పాడు. రెక్కల మీదకి గుండ్రటి గుర్తులు, తోక మీదకి నెంబర్లు, ఇంకా చీమ తలకాయంత అక్షరాలు బోలెడు. "వీటిని నీళ్ళలో నానబెట్టి అతికించాలమ్మా. రేపు పొద్దున్నే కూర్చుంటే అయిపోద్ది" అన్నాడు. ఆయన చెప్పింది అంతే. ఒక్కొక్కటీ కత్తిరించుకుని, ఒకటి అతికించాకే ఇంకోటి తడపాలన్న సంగతి మామ్మకి చెప్పాలని ఆయనకి తోచలేదు.

మర్నాడు పొద్దున్న బాబాయి గెడ్డం గీయించుకోవడానికి సెంటరుకి వెళ్ళాడు. వచ్చేసరికి వంటింటి గుమ్మం దగ్గర రెండు పళ్ళేలు పక్కపక్కన ఉన్నాయి. ఒకదాంట్లో గారెలకి మినప్పప్పు నానుతోంది. రెండోదాంట్లో డెకాల్స్ కాగితం మొత్తం మునిగి ఉంది. అక్షరాలూ నెంబర్లూ గుండ్రటి గుర్తులూ అన్నీ కాగితం వదిలేసి నీళ్ళ మీద తేలుతున్నాయి.

"అమ్మా, ఏంటే ఇదీ!"

"నానబెట్టాలన్నావుగా. నీకు ఆలీసం అవ్వకుండా పప్పుతో పాటే పోసేనురా. చక్కగా నానేయి చూడు" అంది మామ్మ, మెచ్చుకుంటాడని ఎదురుచూస్తూ.

బాబాయి గుమ్మంలో అలాగే కూలబడిపోయాడు. నేనైతే నవ్వాపుకోలేక నోట్లో పరికిణీ అంచు కుక్కుకున్నాను. కానీ ఎక్కువసేపు నవ్వడానికి లేకపోయింది. అవి నీళ్ళలో ఉన్నకొద్దీ వెనకున్న జిగురు పోతుంది. బయటికి తీసి పెడితే అప్పడాల్లా చుట్టుకుపోతాయి. చేసేదల్లా ఒక్కటే, ఆ క్షణం నుంచి అన్నీ అయ్యేదాకా లేవకుండా అతికించడం.

వాళ్ళు మధ్యాహ్నం భోజనం వేళకి వస్తారని అనుకున్నాం కాబట్టి కాస్త ధైర్యంగానే కూర్చున్నాం. ముందుగదిలో బల్ల మీద పాత దుప్పటి పరిచారు. గాలికి అవి ఎగిరిపోతాయని ఫ్యాను కట్టేశారు, కిటికీలు మూశారు. అమ్మ బడి తుమ్మజిగురు సీసా తెచ్చి నీళ్ళు కలిపి పల్చన చేసింది. నాన్న విమానాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. పాత శుభలేఖ ముక్కని నీళ్ళలోకి పోనిచ్చి, తేలే గుర్తు కిందకి తెచ్చి, అలాగే పైకెత్తడం నా పని. బాబాయి దాన్ని కుంచెతో రెక్క మీదకి జార్చి, గుడ్డతో మధ్యలోంచి అంచులకి అద్దుతుంటే, గాలిబుడగ పోయేదాకా ఎవరూ ఊపిరి తీసుకోలేదు. మొదటి గుర్తు రెక్క మీద కూర్చోగానే ఆ వెండిరంగు ప్లాస్టిక్కు ముక్క ఒక్కసారిగా నిజం విమానం అయిపోయింది. ఆ సంతోషం నాకింకా గుర్తుంది, తర్వాత నా సొంత ఇంటికి రంగులు వేయించుకున్నప్పుడు కూడా అంత సంతోషం కలగలేదు.

సగం కూడా కాలేదు, బయట గేటు చప్పుడైంది.

"ఎవరండీ, ఇంట్లో ఉన్నారాండీ?"

వాళ్ళే. ముందురోజే అమలాపురంలో చుట్టాలింటికి వచ్చి దిగి, పొద్దున్నే బస్సెక్కి వచ్చేశారు. ఇద్దరే వచ్చారు. ఒకాయన పెళ్ళికూతురి తండ్రి, తాలూకాఫీసులో పెద్ద గుమాస్తా, భారీ మనిషి, చొక్కా అంతా చెమట. వెనక ఉన్నావిడ ఆయన అక్క, అంటే పెళ్ళికూతురికి మేనత్త. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. తెల్లచీర, కళ్ళజోడు, చేతిలో మడత కాజాల పొట్లం. పిల్లని చిన్నప్పట్నుంచీ తనే పెంచింది, ఆవిడ సరేనంటే సంబంధం సరే, కాదంటే కాదు.

మా గోదావరి వాళ్ళకి మర్యాద తప్పితే ప్రాణం పోయినట్టే. పెద్దవాళ్ళు గుమ్మంలోకి వస్తే గబుక్కున లేచి, ఎదురెళ్ళి, కాళ్ళకి నీళ్ళిచ్చి, కుర్చీ తుడిచి వెయ్యాలి. అలాంటిది, కాబోయే పెళ్ళికొడుకు కుర్చీలోంచి లేవలేదు. తలెత్తి, "దయచేయండి, దయచేయండి. లేవలేనండి, క్షమించాలి, చేతిలో రెక్కుందండి" అన్నాడు. నాన్న లేస్తే విమానం పడిపోతుంది, కాబట్టి నాన్న కూడా లేవలేదు. అమ్మే పరుగెత్తుకెళ్ళి చెంబుతో నీళ్ళిచ్చింది. పెళ్ళికూతురి తండ్రి మొహం అక్కడే మారిపోయింది. వచ్చి కూర్చుని, పైకి చూసి, "కరెంటు లేదాండీ?" అన్నాడు.

"ఉందండి" అన్నాడు నాన్న.

"మరి ఫ్యాను?"

"వెయ్యకూడదండి" అని ముగ్గురం ఒక్కసారే అన్నాం.

ఆయన తువ్వాలు తీసి మెడ తుడుచుకోవడం మొదలెట్టాడు. ఆ తుడుచుకోవడంలోనే ఆయన కోపం అంతా కనబడుతోంది. మేనత్తగారు మాత్రం బల్ల దగ్గరికి వచ్చి నిలబడి చూసింది. బాబాయి ఒక నెంబరుని తోక మీదకి జార్చి, అది వంకర పోతుంటే కుంచె మొనతో మెల్లగా సర్దుతున్నాడు. ఆవిడ కాజాల పొట్లం నా ఒళ్ళో పెట్టింది, చేతులు కడుక్కొచ్చింది, కొంగు దోపుకుని ఎదురుగా కూర్చుంది. "ఆ ఫోర్సెప్సు ఇలా ఇయ్యండి బాబూ. మీరు అద్దుకుంటూ పొండి, నేను అందిస్తాను" అంది. బాబాయి పట్టకారు ఇచ్చేశాడు. ఆవిడ చేతివాటం చూసి మా అందరికీ ప్రాణం లేచొచ్చింది. నా శుభలేఖ ఉద్యోగం మాత్రం ఊడింది, నాకు చాలా కోపం వచ్చింది.

పని సాగుతుంటే పెళ్ళికూతురి తండ్రి గొంతు సవరించుకున్నాడు. మర్యాదగానే అడిగాడు.

"ఏ విమానం తోల్తారండీ బాబూ మీరు?"

మామ్మ అప్పుడే వేడి గారెల పళ్ళెం పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "అన్నీ తోల్తాడండీ" అంది, కొడుక్కి అవకాశం ఇవ్వకుండా. "చిన్నయ్యీ పెద్దయ్యీ, ఏదిచ్చినా సరే. పైకి చెప్పడండి, గుట్టు మనిషి."

నాన్న తల వంచుకున్నాడు. బాబాయి కుంచె ఆగింది. పళ్ళెంలో ఇంక మిగిలినవి ఆ చిన్న అక్షరాలే. మేనత్తగారు ఒకదాన్ని పట్టకారుతో ఎత్తి, కళ్ళజోడు దగ్గర పెట్టుకుని, "ఇదేం రాసుందండీ బాబూ, కంటికే ఆనట్లేదు?" అంది.

"ఇక్కడ కాలు పెట్టకూడదు అనండి" అన్నాడు బాబాయి. "రెక్క మీద కొంత చోటు పల్చగా ఉంటుందండి. పైకెక్కేవాళ్ళు తెలియక అక్కడ అడుగేస్తే వంగిపోద్దండి. మళ్ళీ గాల్లోకి లేచాక ప్రమాదం." తర్వాత తలెత్తి, ఆవిడ వైపు కాదు, గుమ్మంలో ఉన్న మామ్మ వైపు చూశాడు. "అసలు విమానాల మీద ఈ మాట రాసేది నేనండి. తోలేవాళ్ళు వేరే ఉన్నారండి. నేను రంగులు వేస్తాను, నెంబర్లు వేస్తాను, ఈ అక్షరాలు రాస్తాను. నాకు విమానం తోలడం రాదండి."

గదిలో ఫ్యాను లేదు. ఉక్క మాత్రం ఉంది. ఆ నిమిషంలో నాకు బాబాయి మీద వచ్చినంత అసహ్యం ఇంకెవరి మీదా రాలేదు. అబద్ధం చెప్పి ఉండొచ్చుగా అనిపించింది. బడిలో నా గొప్పంతా పోయింది, మామ్మ పరువు పోయింది, ఈ సంబంధమూ పోయింది. ఇన్ని పోగొట్టుకోడానికి ఏం తొందరొచ్చిందని ఏడుపొచ్చింది.

"తోలవా?" అంది మామ్మ.

"తోలనమ్మా."

"మరి ఆ ఫోటో?"

"ఆ విమానం మీద నెంబరు నేను రాసిందేనమ్మా. నేను మొట్టమొదట రాసింది. అందుకే దాని పక్కన నించుని తీయించుకున్నాను. నీకు చెబ్దామనుకున్నాను గానీ గట్టిగా చెప్పలేకపోయేను."

మామ్మ గారెల పళ్ళెం బల్ల అంచున పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ వీపు అంత వంగి ఉంటుందని నేను అంతకు ముందు చూడలేదు. పెళ్ళికూతురి తండ్రి తువ్వాలు భుజాన వేసుకుని, చేతిసంచీ కోసం వెతుక్కుని లేచాడు.

"తమ్ముడూ, కూర్చో" అంది మేనత్తగారు తలెత్తకుండా. "ఇంకా అక్షరాలున్నాయి."

ఆయన కూర్చున్నాడు. ఒక్కో అక్షరాల ముక్కా ఎత్తి ఆవిడ అందిస్తోంటే బాబాయి అద్దుకుంటూ పోయాడు. బాబాయి చెయ్యి మాత్రం వణకలేదు. అప్పుడు నాకు దాని విలువ తెలియలేదు గానీ ఇప్పుడు తలుచుకుంటే గర్వంగా ఉంటుంది. ఆఖరు ముక్క అతికి, తడిగుడ్డతో చివరిసారి అద్దాక, మామ్మ మళ్ళీ వచ్చింది. మొహం కడుక్కుంది. ఇంకో వాయి గారెలు తెచ్చింది. నేరుగా విమానం దగ్గరికి వచ్చి వంగి చూసింది.

"ఈ రాతలు ఎవరు చదువుతార్రా?"

"అందరూ చదువుతారమ్మా. పైలట్లు, ఇంజనీర్లు, పెద్దాఫీసర్లు. చదవకుండా ఎవరూ దాని మీద కాలు పెట్టరు."

"పెద్దాఫీసర్లు కూడానా?"

"వాళ్ళు కూడానే."

మామ్మ నడుం తిన్నగా నిలబెట్టింది. పళ్ళెం పెళ్ళికూతురి తండ్రి చేతిలో పెట్టి, "తినండి బాబూ, చల్లారిపోతాయి" అంది. తర్వాత మేనత్తగారి వైపు తిరిగి, "నాకు అక్షరం రాదండి. నేను కన్నవాడు రాసింది చదివితేగానీ ఆఫీసర్లు కాలు పెట్టరంట. ఇదే బాగుందండి" అంది.

"ఆయ్, బాగుందండీ అమ్మగారూ" అంది మేనత్తగారు.

అప్పుడు ఫ్యాను వేశారు. అందరూ ఒక్కసారి ఊపిరి తీసుకున్నారు. ఆయన గారెలు వద్దు వద్దంటూనే పళ్ళెం ఖాళీ చేశాడు, మధ్యాహ్నం కోడికూరతో భోజనం కూడా చేశాడు. కానీ సంబంధం మాట ఎవరూ ఎత్తలేదు. బయల్దేరేటప్పుడు గేటు దగ్గర మేనత్తగారు నాన్నతో, "మా పిల్లకి పైలట్టని చెప్పేమండి. ఇప్పుడు కాదని చెప్తాం. ఆపైన దానిష్టమండి" అంది. బాబాయి దండం పెట్టి నిలబడ్డాడు. వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసి, లోపలికొచ్చి విమానానికి వార్నీషు పూత వెయ్యడం మొదలెట్టాడు.

ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళయింది. దేవుడు తమకి చేసిన మేలు గురించి ఎవరికి తోచింది వాళ్ళు లేచి చెప్పుకునే వేళ అది. మామ్మ లేచింది. "ఇన్నాళ్ళూ మావాడు ఇమానం తోల్తాడని మీ అందరికీ చెప్పేను. తోలడు. రాస్తాడు. వాడు రాసిందాన్ని కాదని ఎంతటోడూ దాని మీద కాలు పెట్టడు. దేవుడికి స్తోత్రం" అని కూర్చుంది. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మామ్మ వెనక్కి తిరిగి చూసింది, ఆ నవ్వు అక్కడే చచ్చింది. మర్నాడు నన్నెవరో వీధిలో ఏడిపిస్తే నేనూ అదే మాట చెప్పాను. ముందు తడబడ్డాను గానీ, రెండోసారి చెప్పేసరికి నాకే నచ్చింది.

కబురు కోసం ఎదురుచూసిన ఆ రోజుల్లో బాబాయి బైబిలు ముట్టుకోలేదు. ఫోటో అట్టపెట్టెలోనే ఉందని నేనే చెప్పేశాను. "ఉండనీ అమ్మడూ" అన్నాడు. సెలవు అయిపోవస్తోంది. పెట్టె సర్దుకుంటున్నాడు. నేను ఆయన్ని క్షమించేశాను కూడా, అయినా ఏం లాభం అనుకున్నాను.

ఒక సాయంత్రం గేటు దగ్గర ఒక గొంతు వినబడింది.

"వదినగారండీ, ఉన్నారాండీ?"

మామ్మ చేట కింద పెట్టి చటుక్కున లేచింది. అమ్మగారూ అని పిలిచిన మనిషి వదినగారూ అంటూ వస్తోందంటే ఇక అడగాల్సిందేముంది? అయినా మేనత్తగారు అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, జరిగిందంతా వరసగా చెప్పింది. మేమందరం చుట్టూ నిలబడ్డాం. బాబాయి తలుపు వెనక ఉన్నాడు, కాళ్ళు కనబడుతున్నాయి.

"ఇంటికెళ్ళి పిల్లతో చెప్పేనండి. అబ్బాయి పైలట్టు కాదంట, విమానాలకి రంగులేసి నెంబర్లు రాస్తాడంట అని. అది పుస్తకం మూసి, 'ఎవరు చెప్పేరు?' అందండి. 'ఆ అబ్బాయే చెప్పేడమ్మా' అన్నాను. 'ఎవరి ముందు?' అంది. 'మా ముందు. వాళ్ళమ్మ ముందు' అన్నాను. పుస్తకం పక్కన పెట్టిందండి. తర్వాత, 'వాళ్ళమ్మ ముందు చెప్పేడంటే నా ముందు ఎప్పుడూ అబద్ధం ఆడడు. నాకు సరే' అందండి."

మామ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఏడుస్తూనే గారెలకి పప్పు నానబొయ్యమని అమ్మకి పురమాయించింది.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు, ఆ స్థలంలో డాబా లేచింది. విమానం చాలాకాలం రేడియో పక్కన ఉండి, వార్నీషు పసుపెక్కి, గాలివాన వచ్చిన ఒక ఏడాది గోడ తడిసినప్పుడు దాంతో పాటే పోయింది. మామ్మ పోయింది. బాబాయి పోయి కూడా కొన్నేళ్ళయింది. ఆ తర్వాత నేను ఎన్నో సంబంధాలు చూశాను. నాది, నా చెల్లెళ్ళది, మా పిల్లలవి. ఉద్యోగం పర్మనెంటేనా అని అడిగినవాళ్ళని చూశాను, పై రాబడి అడిగినవాళ్ళని చూశాను, ఎకరాలూ కొబ్బరిచెట్లూ అడిగినవాళ్ళనీ చూశాను. నిజం ఎవరు చెప్పారు, ఎవరి ముందు చెప్పారు అని అడిగిన పిల్లని మాత్రం మళ్ళీ చూడలేదు. ఆ పిల్లని జీవితమంతా పిన్నీ అని పిలుచుకునే అదృష్టం నాకు దక్కింది.